నాలుగో తీగ

కంప్యూటరుకు సీలు వేసి పట్టుకుపోయిన మనుషులు వీధి మలుపు తిరిగేదాకా కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. కిందటి వారం మనం ఆగింది అక్కడే. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం.

కోడలిది పరీక్షల బోర్డులో ఉద్యోగం. ప్రశ్నపత్రాల్లో తప్పులు ఏరి అచ్చుకు పంపుతుంది. ఇంటి నుంచే పని చేసుకోమని బోర్డే వెసులుబాటిచ్చింది. ఆమె చూసిన పత్రమొకటి పరీక్షకు ముందే బయటికి పొక్కింది. బయటివాళ్లెవరూ చొరబడలేదని, ఈ ఇంటి నెట్‌లోనే ఉన్న ఏదో యంత్రం ఆమె కంప్యూటరులోంచి దాన్ని తీసుకుందని బోర్డు నిపుణులు తేల్చారు. ఇంట్లో నెట్ తీగలు మూడే: కోడలి బల్ల దగ్గరొకటి, భర్త బల్ల దగ్గరొకటి, హాల్లో మామగారి కుర్చీ పక్కనొకటి. గాలిలో నడిచే నెట్ ఈ గడప తొక్కలేదు. ఆ రోజుల్లో భర్త ఊళ్లో లేడు. మామగారికి కంప్యూటరంటే నెట్‌లో చదరంగం ఆడుకునే బల్ల, అంతకుమించి ఏమీ కాదు. ఇక మిగిలిందెవరో వేలు పెట్టి చూపించనక్కర్లేదు. బోర్డు చూపించింది.

ఈ సాయంత్రమే విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, మనిషి దొంగో దొరో తేలేది ఈ సాయంత్రమే.

విచారణకు వీడియోలో హాజరు కమ్మన్నారు. ఇక్కడే పడింది మెలిక. కోడలి కంప్యూటరుతో పాటు భర్తది కూడా వాళ్లే పట్టుకుపోయారు. మామగారి పాత కంప్యూటరుకు కెమెరా లేదు. భర్త ఆఫీసులో ఎవరినో బతిమాలి ఒక టాబ్లెట్ తెచ్చాడు గాని, దానికి తీగ గుచ్చే చోటే లేదు. ఫోనులో మాటలైతే వినిపిస్తాయి గాని, నెట్ మాత్రం గేటు దాటి వీధిలో నిలబడితే తప్ప అందదు. వీధిలో నిలబడి నేను దొంగను కానని చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకుని, భర్త మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లి ఒక వైఫై డబ్బా కొనుక్కొచ్చాడు.

"ఆ భూతాన్ని నా ఇంట్లో పెట్టొద్దన్నాను," అన్నారు మామగారు, చదరంగం మీంచి తలెత్తకుండా.

"ఈ ఒక్క పూటకే నాన్నా."

"ఒక్క పూటకని వచ్చిన చుట్టాలు ఎన్నాళ్లున్నారో మీ అమ్మ ఉంటే చెప్పేది. తీగైతే ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కంటికి కనిపిస్తుంది. గాలికి గొళ్లెం పెడతావట్రా?"

టెలిఫోను శాఖలో తీగలు లాగీ లాగీ పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. వీధిలో అందరూ తీగలాయనే అంటారు, ఆయన ముందే అంటారు, ఆయనకదొక బిరుదు. ఇల్లు కట్టేటప్పుడు గోడల్లో గొట్టాలు పెట్టించి తీగలు స్వయంగా లాక్కున్నారు. అవన్నీ వచ్చి కలిసే పెద్ద డబ్బా హాల్లో గోడ అలమరలో ఉంటుంది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకుంటుంది.

భర్త డబ్బా తీసుకుని కోడలి గదిలోకి నడిచాడు. కంప్యూటరు పోయాక బల్ల బోసిగా ఉంది. గోడ దగ్గర తెల్లటి తీగ పని లేక వేలాడుతోంది. అతను కొత్త డబ్బాను బల్ల మీద పెట్టి, దాంతో వచ్చిన కాగితాన్ని మడత కూడా విప్పకుండా అట్టపెట్టెలోకి తోసేశాడు.

"అది చదివితే ఏమవుతుందండీ? రెండు ముక్కలు చదివినంత మాత్రాన మీ మీసం ఊడిపోదు," అంది కోడలు.

"ఏముంది చదవడానికి? తీగ ఉంది, కన్నం ఉంది. గుచ్చడమే." వెనకవైపు వరసగా ఉన్న కన్నాల్లో చేతికందినదాన్లో గుచ్చాడు. "నువ్వు మాత్రం విచారణలో కాస్త తగ్గి మాట్లాడు. పెద్ద ఆఫీసర్లు. కోపం చూపిస్తే తప్పు చేసినట్టే అనుకుంటారు."

"తప్పు చేసినవాళ్లు తగ్గుతారు. నేనెందుకు తగ్గాలి?"

"అబ్బా, నేనన్నది..."

"మీరన్నది నాకర్థమైంది. కామాలు, చుక్కలు సరిచూసి సరిచూసి నా కళ్లు పోయాయి. ఒక్క మాట బయట అనలేదు. పత్రం తెరిచి ఉంటే మీరు టీ ఇవ్వడానికొచ్చినా తెర కిందికి దించేదాన్ని. ఇవాళ ఎవడో అడుగుతాడు, అమ్మా ఎవరికి అమ్ముకున్నావ్ అని. దానికి నేను తగ్గి సమాధానం చెప్పాలా?"

డబ్బా మీద ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. టాబ్లెట్‌లో కొత్త పేరు కనిపించింది, నొక్కితే కలిసింది కూడా. అతని ముఖం వెలిగింది. బోర్డు పేజీ తెరవబోయాడు. తెల్లటి తెర, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. ఇంకేమీ లేదు.

అప్పుడే హాల్లోంచి కేక వినిపించింది.

"ఒరే, నా ఏనుగు కదలట్లేదు."

మామగారు లేచి వచ్చారు. డబ్బా వెనక్కి వంగి, తీగ ఏ కన్నంలో ఉందో చూసి, కొడుకుని పైనుంచి కిందికి చూశారు. తీగల విషయం వస్తే ఆయన గొంతుకు ఎక్కడలేని హుషారొస్తుంది.

"హాల్లో ఉన్న పెద్ద డబ్బా ఏం చేస్తుందనుకున్నావు? ఇంట్లో ప్రతి యంత్రానికీ నీ నంబరు ఇదీ అని పంచిపెడుతుంది, వీధిలో ఇళ్లకి డోర్ నంబర్లు వేసినట్టు. నువ్వు తెచ్చిన మహానుభావుడు కూడా ఇంటిపెద్ద నేనే అంటున్నాడు. తనూ నంబర్లు పంచుతున్నాడు. పైగా ఇద్దరిదీ ఒకటే నంబరు. ఎవరి మాట వినాలో తెలియక యంత్రాలన్నీ మొండికేశాయి. ఆ అలమరలోంచి బయల్దేరిన తీగ ఎంత దూరం పోయిందో అంత దూరం పడుకున్నట్టే."

"యంత్రాలు నయం మామయ్యగారూ," అంది కోడలు. "ఎవరి మాట వినాలో తెలియకపోతే ఊరుకున్నాయి. బోర్డువాళ్లు ముందు చెవిన పడ్డ మాటే పట్టుకుని నన్ను దొంగని చేశారు."

మామగారు ఆమె వైపు చూడలేదు. డబ్బాను తిరగేసి మరగేసి చూస్తున్నట్టు నటించారు. ఆ నటన కోడలి కంటికి ఆనింది గాని, అప్పటికి దానర్థం తెలియలేదు.

బయట మేడమెట్ల మీద చెప్పుల చప్పుడయింది. ముగ్గురూ హాల్లోకి వచ్చారు.

మేడ మీద భాగంలో మామగారి కూతురు చిట్టి, అల్లుడు ఉంటారు. పోటీ పరీక్షలకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఇవ్వడం అల్లుడి వృత్తి. ఇల్లరికం అన్న మాట వింటే అతనికి ఒళ్లు మండుతుంది. మామగారింట్లో ఉంటున్నా నేను ఇల్లరికపు అల్లుణ్ణి కానని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతాడు. అందుకే మెట్లు వేరు, కరెంటు మీటరు వేరు, నెట్ కూడా వేరే కంపెనీది. వీధి స్తంభం నుంచి మేడ కిటికీ దాకా వేలాడే నల్ల తీగను వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేవాడు.

చిట్టి చేతిలో ఫోను మోగుతుండగానే లోపలికి వచ్చింది.

"వదినా, మీకూ నెట్ పోయిందా? ఆయన క్లాసు మధ్యలో ఠక్కున ఆగిపోయింది. కూర్చో, అదే వస్తుందిలే అంటారాయన. పిల్లలు ఒకటే ఫోన్లు. కింద ఏం చేశారో కనుక్కుందామని వచ్చేశా."

"మీది వేరే కంపెనీ కదే," అన్నాడు భర్త. "వాళ్లకి ఫోన్ చెయ్యి, మమ్మల్నడిగితే ఏం లాభం?"

"ఇంకెక్కడి కంపెనీ అన్నయ్యా? ఊరికే ఆగిపోతోందని ఎప్పుడో మానేశాం. నాన్నే కదా కింద నుంచి..."

తండ్రి ముఖం చూసి ఆగిపోయింది.

"చిట్టీ, నువ్వు పైకెళ్లు," అన్నారు మామగారు.

చిట్టి కదల్లేదు. ఏం తప్పు మాట్లాడానా అన్నట్టు వదిన వైపు చూసింది. కోడలు ఆమెను చూడట్లేదు. మామగారి మొలతాడుకు వేలాడుతున్న తాళంచెవిని చూస్తోంది.

"అలమర తియ్యండి మామయ్యగారూ."

"విచారణ టైమవుతోంది. ముందు ఆ డబ్బా సంగతి..."

"అలమర తియ్యండి."

"అమ్మాయ్, ఇంటి గుట్టు..."

"ఏ ఇంటి గుట్టు? కింది ఇంటిదా, పై ఇంటిదా? నాకు ఇంటి నుంచి పని ఇచ్చేముందు బోర్డు మనిషి వచ్చి ఈ హాల్లోనే అడిగాడు, ఈ లైను మీద ఇంకెవరైనా ఉన్నారా అని. నా వెనక నిలబడి మూడే తీగలు సార్ అన్నారు మీరు. నేను మీ మాట మీదే సంతకం పెట్టాను. తియ్యండి."

భర్త ఇద్దరి మధ్యకీ రాబోయి, భార్య ముఖం చూసి పక్కకు జరిగాడు. మామగారు మొలతాడు పైకి లాగి, వంగి, అలమర తెరిచారు.

పెద్ద డబ్బా ముందు నుంచి మూడు తెల్ల తీగలు వరసగా బయల్దేరి, సన్నటి దారపు ముళ్లతో ముచ్చటగా కట్టి ఉన్నాయి. ఎవరు చూసినా మూడనే అంటారు. కోడలు చెయ్యి లోపలికి పోనిచ్చి వెనకవైపు తడిమింది. వేళ్లకు నాలుగోది తగిలింది. గోడ రంగే పూశారు దానికి. పాత నీళ్ల గొట్టం పక్కనుంచి, గోడ మూలను అంటిపెట్టుకుని, పైకప్పులోకి దూరిపోయింది. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా వంపు లేదు. అంత నైపుణ్యం ఒక్క చేతికే ఉంది ఆ వీధిలో. ఆ చెయ్యి ఇప్పుడు తాళంచెవిని నలుపుతోంది.

"అల్లుడుగారు అడిగాడమ్మా," అన్నారు మామగారు. గొంతు నేల మీద పాకుతున్నట్టుంది. "క్లాసులు చెడిపోతున్నాయి, మీ లైను కాస్త ఇవ్వండి అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మామగారి నెట్ వాడుకుంటున్నాడని తెలిస్తే ఇల్లరికం అంటారట. ఆ బయటి తీగ కూడా ఊడదియ్యకుండా అలాగే ఉంచుకున్నాడు, నలుగురూ చూడ్డానికి. అంతేననుకున్నాను. ఒట్టు. పిల్ల కాపురం, ఓ తీగతో పోయేదేముంది అనుకున్నాను."

కోడలికి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. పరీక్ష అయిన మర్నాడు చిట్టి మెట్లు దిగి వచ్చి, ఆయన ఊహించి చెప్పిన ప్రశ్నలన్నీ వచ్చాయట వదినా, పిల్లలు దేవుడంటున్నారట అని మురిసిపోయింది. తను కూడా సంతోషించింది. ఎదురుపడినప్పుడు అల్లుడికి అభినందనలు చెప్పింది. అతను నవ్వి, అంతా మీ ఇంటి చలవ అక్కయ్యా అన్నాడు. మనిషి ముఖం మీదే నిజం చెప్పి తప్పించుకున్నాడన్నమాట.

"హాల్లో ప్రింటరుకి పంపుకోవడానికి నా కంప్యూటరులో ఒక ఫోల్డరు ఇంటి లైనుకంతా తెరిచి ఉంచాను," అంది నెమ్మదిగా. "ఇంటి లైనంటే మనం ముగ్గురమే కదా అని. మీరు చెప్పిన ముగ్గురమే కదా అని." ఆయన వైపు తిరిగింది. "ఇది అతని పనని మీకెప్పుడు తెలిసింది?"

మామగారు అలమర తలుపు దగ్గరికి వేశారు.

"ఎప్పుడు మామయ్యగారూ?"

"నీ కంప్యూటరు పట్టుకుపోయిన రోజు. ఇంటి లోపలి యంత్రమే తీసిందని వాళ్లంటుంటే."

"ఆ రోజు గుమ్మంలో నా పక్కనే ఉన్నారు మీరు."

"ఉన్నాను."

"నా భుజం మీద చెయ్యి వేశారు. ధైర్యంగా ఉండమ్మా అన్నారు."

"అన్నాను."

"ఏ ధైర్యం మామయ్యగారూ? మీ అల్లుడి బదులు శిక్ష పడటానికి కావాల్సిన ధైర్యమా?"

గుమ్మంలో చిట్టి గోడ పట్టుకుంది. ఆమె చేతిలో ఫోను మళ్లీ మోగింది. తియ్యలేదు, ఆపలేదు. అది మోగీ మోగీ దానంతటదే ఊరుకుంది.

"ఇంకా ఎంతసేపు ఆగేవాళ్లు?" కోడలి గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "నా ఉద్యోగం పోయాక చెప్పేవాళ్లా? పోలీసులొచ్చాకా? మీ అబ్బాయిని దొంగదాని మొగుడని అందరూ అన్నాకా? చిట్టి కాపురం కాపురం. నాది అద్దెకు తెచ్చుకున్న కాపురమా? నేనీ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ మీరు నన్ను కోడలా అని పిలవలేదు, అమ్మాయ్ అనే పిలిచారు. ఊరికే పిలిచారన్నమాట."

మామగారు ఆ మాటకు తల దించుకోలేదు. తల ఎత్తి ఆమెను సూటిగా చూశారు. ఆ చూపులో ఏదో తేల్చుకున్న నిబ్బరం ఉంది.

"విచారణలో నేనే చెబుతాను," అన్నారు. "తీగ నేనేశాను. చెప్పాల్సింది నేనే."

"చెబుతారా?"

"చెబుతానన్నాను కదా. ముందు నెట్ నడవాలిగా."

కోడలి గదిలోకి వెళ్లి కొత్త డబ్బా ముందు కూర్చున్నారు. కొడుకు పారేసిన కాగితం తీసి, కళ్లజోడు సవరించుకుని చదివారు. కాగితంలో ఉన్నట్టు కొడుకు చేత టాబ్లెట్‌లో నొక్కించి, అలమరలోని పెద్ద డబ్బాకు ఉన్నది కాక వేరే నంబరు దీనికిచ్చారు. నంబర్లు పంచే పని దీని చేత మానిపించారు. ఇక ఇది ఇంటిపెద్ద కాదు, పెద్ద డబ్బా చెప్పింది గాలిలోకి అందించే మనిషి మాత్రమే. కాసేపటికి టాబ్లెట్‌లో తిరుగుతున్న చక్రం ఆగి, బోర్డు పేజీ తెరుచుకుంది. హాల్లో చదరంగం కదిలింది.

పైకప్పు మీంచి అల్లుడి గొంతు కూడా మళ్లీ మొదలైంది. మాటలు తెలియట్లేదు గాని ధోరణి తెలుస్తోంది. హుషారుగా, మధ్యమధ్య నవ్వుతూ, పిల్లలకు పాఠం చెబుతున్నాడు. ఆ నాలుగో తీగ మీదే చెబుతున్నాడు. దాన్ని పీకి పారెయ్యాలని కోడలి చేతులు దురద పెట్టాయి. ఉంచాలి. బోర్డువాళ్లు వచ్చి కళ్లారా చూసేదాకా దాన్ని అలాగే ఉంచాలి.

హాల్లో బల్ల మీద ఆనించిన టాబ్లెట్ తెర మీద విచారణాధికారి కనిపించాడు. బట్టతల, అలసిన కళ్లు, ముందు నీళ్ల గ్లాసు. కోడలి పేరు, ఉద్యోగం అడిగి రాసుకున్నాడు.

"మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?"

"నాకంటే ముందు మా మామగారు చెబుతారండి. ఇంట్లో తీగల గురించి లోగడ మీకు ఇచ్చిన సమాచారం తప్పు."

టాబ్లెట్‌ను ఆయన వైపు తిప్పింది. పై అధికారి ముందు నిలబడినట్టు మామగారు చొక్కా గుండీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. తన పేరు, పని చేసిన శాఖ చెప్పారు. ఇంట్లో ఉన్నవి మూడు తీగలు కావని, నాలుగని, నాలుగోది అలమర వెనక నుంచి తానే రంగు పూసి వేశానని చెప్పారు. ఒక్కొక్క మాటా స్పష్టంగా, తడబాటు లేకుండా వచ్చింది. కోడలి గుండెల మీంచి బరువు దిగిపోతోంది. భర్త కళ్లు తుడుచుకున్నాడు.

విచారణాధికారి కలం ఆపాడు. "ఆ తీగ ఎవరి గదికి వెళ్తుంది?"

మామగారు గుమ్మం వైపు చూశారు. చిట్టి అక్కడే ఉంది. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవరి గదికీ కాదండి. మేడ మీద ఖాళీగా ఉన్న గదికి. నాకోసమే వేసుకున్నాను. మీ ప్రశ్నపత్రం తీసింది నేనే."

"నాన్నా," అన్నాడు భర్త.

"నువ్వు మాట్లాడకు. మా అమ్మాయికి దీంతో సంబంధం లేదండి." ఆయన అమ్మాయి అన్నది కోడలినే. చేత్తో ఆమెనే చూపించారు. "ఆవిడ నమ్మకంగా పనిచేసుకునే మనిషి. నేనే దొంగతనంగా తీశాను. ఏం చేసినా నన్ను చెయ్యండి."

ఫోల్డరు అంటే ఏమిటో తెలియని మనిషి, ఏనుగు కదలకపోతే కొడుకును పిలిచే మనిషి, ప్రశ్నపత్రం తీశానంటున్నాడు. అమ్మాయినీ కాపాడుకున్నాడు, కూతుర్నీ కాపాడుకున్నాడు. పైన పాఠం చెబుతున్నవాడు మాత్రం చేతికి మట్టి అంటకుండా రేపు కూడా పాఠం చెబుతాడు. ఇది న్యాయమని ఈ పెద్దమనిషి ఎలా అనుకున్నాడు? కోడలికి మంచి చేస్తున్నాననుకుని, ఆమె నిజాన్ని కూడా దొంగిలించాడు.

విచారణాధికారి నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"తెర మీ వైపు తిప్పుకోండమ్మా. ఆయన పెద్దవారు. మీ ఎదుటే ఒప్పుకున్నారు. నిజమేనని మీరు అంటే మీ మీద విచారణ ఇక్కడితో ముగిసినట్టే, మళ్లీ పనిలో చేరొచ్చు. కాదంటే ఇంకెవరో మీరు చెప్పాలి, రుజువు కూడా మీరే తేవాలి. అప్పటిదాకా అనుమానం మీ మీదే ఉంటుంది. ఆలోచించుకునే చెప్పండి. ఆయన చెప్పింది నిజమేనా?"

కింది మాటలు పైకి చేరాయేమో, పైకప్పు మీద పాఠం ఆగిపోయింది.

కుర్చీ జరిగిన చప్పుడు. ఆ వెంటనే మేడమెట్ల మీద మగమనిషి అడుగులు, తొందరగా, ఒక్కో మెట్టూ దాటేసుకుంటూ. మామగారు చేతులు జోడించారు, కోడలి వైపే, ఒక్కమాట అనేయమన్నట్టు. భర్త నేల చూపులు చూస్తున్నాడు.

ఆ అడుగులు గడప చేరేలోపు చిట్టి ముందుకు జరిగి తలుపు మూసింది. పై గడియ, కింది గడియ రెండూ వేసింది. వీపు తలుపుకు ఆనించి నిలబడి వదిన వైపు చూసింది.

"చెప్పు వదినా," అంది.

ఏది చెప్పమంటోందో, ఎవరిని కాపాడమంటోందో ఆ ముఖంలో దొరకలేదు. చిట్టి వీపు వెనక తలుపు మీద అరచేతి దెబ్బలు పడసాగాయి. కోడలు తెర వైపు తిరిగి నోరు తెరిచింది.